చింతచెట్ల మీదికి గుల్లకొంగలు దిగాయి: తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచిన రెండో వారంలోనే రామమందిరం వెనుక చింతచెట్ల మీదికి గుల్లకొంగలు దిగాయి. ఈ వార్తాలేఖ మీ చేతికి అందేనాటికి అవి పుల్లలు ఏరుకొని గూళ్లు కట్టడం మొదలుపెట్టి ఉంటాయి. ఎప్పుడూ హాజరు గురించీ పరీక్షల గురించీ రాసే ఈ పుటను ఈసారి పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఎందుకంటే ఈ విషయంలో పాఠశాల చేయగలిగింది కొంచెమే. మీ పెరళ్లలో, మీ పొలాల్లో జరగవలసిందే ఎక్కువ.

ముందుగా ఒక పొరపాటు మాటను సరిదిద్దాలి. మన ఇచ్ఛాపురం ప్రాంతంలో వీటిని ‘సైబీరియా పక్షులు’ అనడం అలవాటైపోయింది. పిల్లలు వ్యాసాల్లోనూ అలాగే రాస్తున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా తరగతిలో అలాగే చెప్పాను. నిజానికి గుల్లకొంగ మన దేశానికీ, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్ వంటి పొరుగు దేశాలకూ చెందిన పక్షి. మంచు దేశాలతో దానికి సంబంధం లేదు. అలాగని అది ఒకచోటే ఉండిపోయేదీ కాదు. థాయిలాండ్‌లో కాలికి ఉంగరం తొడిగి వదిలిన కొంగ సుమారు 1,500 కిలోమీటర్ల దూరాన బంగ్లాదేశ్‌లో దొరికిన సందర్భం ఉంది. వాన పడి, మళ్లు నిండి, నత్తలు ఎక్కడ దొరికితే అక్కడికి చేరడమే దాని ప్రయాణం.

దాని ముక్కును పిల్లలతో పాటు మీరూ ఒకసారి నిదానంగా చూడండి. పైదీ కిందదీ మొన దగ్గర కలుస్తాయి కాని మధ్యలో సందు ఉంటుంది. గూట్లోని పిల్లకు ఆ సందు కనిపించదు. ఎదిగే కొద్దీ ఏర్పడుతుంది. నత్త దొరికినప్పుడు కొంగ గుల్లను పగలగొట్టదు. కింది ముక్కు మొనను లోపలికి దూర్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని తెంచి, మెత్తటి భాగాన్ని బయటికి లాగుతుంది. మళ్లలో మన ఏడో తరగతి పిల్లలు ఏరి తెచ్చిన ఖాళీ గుల్లల్లో చాలావాటికి చిన్న పగులు కూడా లేదు. వాటిని సైన్సు గదిలో ఒక పళ్లెంలో ఉంచాము. బడికి వచ్చినప్పుడు చూడవచ్చు.

‘కొంగలు దిగితే వానలు కురుస్తాయి’ అని మన పెద్దలు అంటారు. మన మండలంలోనే ఉన్న తేలుకుంచిలో ఊరి నడుమ చెట్ల మీద ఈ కొంగలు ఏటా గూళ్లు కడుతున్నా వాటి జోలికి ఎవరూ వెళ్లకపోవడానికి ఈ నమ్మకమే ఒక పెద్ద కారణం. కారణకార్యాలు ఇక్కడ తారుమారయ్యాయన్నది నిజమే. ఎండాకాలమంతా బురదలో దాగిన నత్తలు తొలి వానలకు బయటికి వస్తాయి, వాటి కోసం కొంగలు వస్తాయి. అయినా ఆ నమ్మకాన్ని తరగతిలో ఎగతాళి చేయవద్దని మా ఉపాధ్యాయులతో చెప్పాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దానికి ఎంతో ముందు నుంచే ఈ చెట్ల మీద రాయి పడకుండా కాపాడినది ఆ మాటే.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. గత సంవత్సరం ‘పక్షులను రక్షిద్దాం’ అంటూ మేము పిల్లలతో ఊరేగింపు తీశాము. డప్పులతో, నినాదాలతో సరిగ్గా చింతచెట్ల కిందికే వెళ్లాము. గుడ్లు పొదుగుతున్న కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అవి తిరిగి వాలేలోగా కాకులు గూళ్ల మీద పడి గుడ్లు ఎత్తుకుపోవడం మేమందరం కింద నిలబడి చూశాము. ఆ ఊరేగింపు ఫొటోలు మాత్రం చాలా బాగా వచ్చాయి. ఈ ఏడాది ఊరేగింపు లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు ప్రతి శనివారం మందిరం అరుగు మీద నుంచే గూళ్లు లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాస్తారు. చెట్ల కిందికి వెళ్లరు.

మీ నుంచి కోరుతున్నవాటిలో మొదటిది చప్పుడుకు సంబంధించినది. ఈ కొంగ రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. అవి పొదగడానికి సుమారు 25 రోజులు, పిల్లలు ఎగరడానికి ఆ పైన నెలకు మించి పడుతుంది. అంటే వినాయక చవితి నాటికి గూళ్లలో పిల్లలు ఉంటాయి, ఆలస్యంగా గూడు కట్టినవాటికి దీపావళి నాటికి కూడా ఉండవచ్చు. నిమజ్జనం ఊరేగింపును మందిరం వీధిలో కాకుండా చెరువుగట్టు మీదుగా తీసుకెళ్లడానికి యువకులు ఒప్పుకున్నారు. దీపావళి టపాసులను బడి మైదానంలో కాల్చుకోవచ్చు. ఆ రాత్రి గేటు తెరిచి ఉంచుతాము, నీళ్ల బకెట్లు మేమే పెడతాము.

రెండవది, గూటి నుంచి జారి పడే పిల్లల సంగతి. జాలితో ఇంటికి తీసుకెళ్లి అన్నం, పాలు పెట్టవద్దు. అది వాటి తిండి కాదు, పైగా వన్యప్రాణిని ఇంట్లో పెంచడానికి చట్టం ఒప్పుకోదు. కుక్కలు చేరకముందే తట్ట కింద మూసి బడికి కబురు పెట్టండి. అటవీ శాఖ సిబ్బందికి మేము తెలియజేస్తాము.

పొలంలో గుళికల మందు వేసే రైతులకు వేరుగా ఒక మనవి. ఆ గుళికల్లో కొన్ని రకాలు పక్షులకు ప్రాణాంతకం. మందు వేయక తప్పని మడి ఏదో పిల్లలతో చెప్పి పంపండి. ఆ మడిలో గుల్లలు ఏరడానికి ఎవరూ దిగకుండా చూస్తాము. కొంగలకు మనం చెప్పలేము కనుక, వేయకుండా గడిచే మడిలో వేయకపోవడమే మేలు.

ఈ చింతచెట్లు తమ పెరళ్లలో ఉన్న మూడు కుటుంబాల గురించి ఊరు ఇంతవరకు తగినంతగా ఆలోచించలేదని నా అభిప్రాయం. చింతపండు కోసే నాటికి కొంగలు వెళ్లిపోతాయి కాబట్టి నష్టం లేదని మనం తేలికగా అనేస్తాము. కాని పూత కాలంలోనే అవి దిగుతాయి, కొమ్మలు విరుగుతాయి, పెరడంతా రెట్ట, నీచు వాసన. ఆ ఇళ్ల పిల్లలు చొక్కా మీద తెల్లటి మరకతో బడికి వస్తే ఎవరూ మందలించకూడదని నిర్ణయించాము. ఆ మూడు ఇళ్ల బావుల మీద వల కప్పడానికి అయ్యే ఖర్చును పంచాయతీ భరించాలని తల్లిదండ్రుల కమిటీ తరఫున అర్జీ ఇచ్చాము.

ఒకప్పుడు మందిరం వెనుక అయిదు చెట్లు ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు రెండు కూలిపోయాయి. వాటికి బదులుగా నిరుడు చెరువుగట్టు మీద నాటిన చింత, రావి మొక్కలను మేకలు తినేశాయి. ఈ నెలాఖరు శనివారం ఉదయం మళ్లీ నాటుతున్నాము. మొక్కలు మా దగ్గర ఉన్నాయి. మొక్కల చుట్టూ కట్టడానికి ముళ్లకంప, నాలుగు గునపాలు కావాలి. ఇవ్వగలిగినవారు శుక్రవారం సాయంత్రంలోగా పిల్లలతో కబురు పంపగలరు. కంప బరువుగా ఉంటుంది కనుక దానిని మాత్రం పిల్లల చేత మోయించవద్దు, మేమే బండి పంపుతాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని