అమ్రాబాద్ అడవిని పైనుంచి కొలిచే ముందు: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అమ్రాబాద్ పులుల అభయారణ్యాన్ని డ్రోన్లతోనో, లైడార్‌తోనో (పైనుంచి లేజర్ కిరణాలు పంపి కొలిచే పద్ధతి) కొలిపించాలన్న ప్రతిపాదన మీ దగ్గరికి ఎప్పుడు వచ్చినా, సంతకం పెట్టేముందు టెండరులో ఒక్క విషయం వెతకమని మా విన్నపం. విమానం ఎగిరినందుకు ఎంత, కింద చెట్లు కొలిచినందుకు ఎంత అని విడివిడిగా రాశారా? రెండోది లేకపోతే ఆ ఫైలును వెనక్కి పంపండి.

ఇప్పుడు మనకున్న లెక్క ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్లకోసారి ఇచ్చేది. దానికి వాడే లిస్-3 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి 23.5 మీటర్లు. హెక్టారుకు తగ్గని నేలలో చెట్ల కప్పు పది శాతం ఉంటే చాలు, మామిడి తోటైనా జామాయిల్ తోటైనా అడవి కప్పు కిందే లెక్క. రాష్ట్రాల మధ్య పోలికకు అది పనికొస్తుంది. ఫలానా కంపార్ట్‌మెంటులో (శాఖ హద్దులు గీసుకున్న అడవి ముక్కలో) టేకు ఎంత ఎత్తు పెరిగింది, చెక్‌డ్యామ్ ఏ వాగు మీద కట్టాలి అని బీట్ ఆఫీసర్ అడిగితే మాత్రం అందులో జవాబు దొరకదు. లైడార్ అవసరం అక్కడే. లేజర్ కిరణం ఆకుల సందుల్లోంచి నేల దాకా వెళ్లి తిరిగొస్తుంది కాబట్టి చెట్టు ఎత్తు, దాని కింద నేల వాలు రెండూ తెలుస్తాయి.

డ్రోన్లతోనే అంతా చేసేద్దామంటే కుదరదు. అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా డ్రోన్ 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. రోజుకు రెండు మూడు చదరపు కిలోమీటర్లు తిరిగిందనుకున్నా దాదాపు వెయ్యి రోజుల పని. మొత్తం అడవికి విమానమే కావాలి. కాలిన చోటు, కొత్తగా నాటిన ప్లాంటేషన్ లాంటి చిన్న ముక్కలకు డ్రోన్ సరిపోతుంది.

ఇక కాలం సంగతి. నల్లమల ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి టేకు మోడుబారుతుంది. నవంబరు చిత్రాన్ని మార్చి చిత్రంతో పోల్చితే నరకని అడవి కూడా నరికినట్టే కనిపిస్తుంది. చెట్ల కప్పు కొలవాలంటే అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా, వాన మబ్బులు తొలగి ఆకు ఇంకా పచ్చగా ఉన్నప్పుడు ఎగరాలి. నేల వాలు, వాగుల దారి కచ్చితంగా కావాలంటే మార్చి, ఏప్రిల్ మంచివి. ఒక్కసారికే డబ్బుంటే మేమైతే నవంబరే ఎంచుకుంటాం. ఐదేళ్ల తర్వాత మళ్లీ కొలిచేది కూడా అదే నెలలో కావాలి.

చదరపు మీటరుకు కనీసం 8 బిందువులు, అంటే లేజర్ తగిలి తిరిగొచ్చిన చోట్లు, అడగండి. కిరణం నిట్టనిలువుకు 15 డిగ్రీలకు మించి పక్కకు వాలకూడదు. వాలితే కొమ్మల పక్కలకు తగిలి ఆగిపోతుంది, నేల దాకా రాదు. కృష్ణ లోయ అంచున ఈ తప్పు బాగా ముదురుతుంది. వెదురు గుబుర్లు, లాంటానా పొదలు మరో చిక్కు. పొద పైభాగాన్నే సాఫ్ట్‌వేర్ నేల అనుకుంటుంది. నేల మీటరు పైకి లేస్తే, దాని మీది చెట్లన్నీ మీటరు కురచవుతాయి. అందుకే పొదల లోపల నేల మట్టాన్ని మనుషులు విడిగా కొలిచి సరిచూడాలి.

అసలు డబ్బు పెట్టాల్సింది నమూనా ప్లాట్ల మీద, అంటే అడవిలో అక్కడక్కడా ఎంచుకుని మనుషులు చెట్లు కొలిచే చిన్న ముక్కల మీద. లైడార్ ఎత్తు చెబుతుంది కానీ కలప ఎంతో, కార్బన్ ఎంతో నేరుగా చెప్పదు. కొలిచిన ప్లాట్లతో జత చేసి లెక్క కట్టాలి. 17.84 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే పదో వంతు హెక్టారు వస్తుంది. ఈ కొలత సమతలానిది. 30 డిగ్రీల వాలు వెంట టేపు పరిస్తే 20.6 మీటర్లు లాగాలి. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, వాలు నేలలో ఎగువ పక్క నిలబడి తీయాలి. ఎక్కువ సర్వేలు చెడేది ప్లాటు నడిబిందువు దగ్గర. చేతి జీపీఎస్ చెట్ల కింద 5 నుంచి 10 మీటర్లు తప్పుతుంది. 8 మీటర్లు జరిగితే ప్లాటులో నాలుగో వంతుకు పైగా బయటికి పోతుంది. అంటే మనం కొలిచిన చెట్లు వేరు, విమానం చూసిన చెట్లు వేరు. రెండు ఫ్రీక్వెన్సీల జీపీఎస్ రిసీవర్‌ను కర్ర మీద నిలిపి కనీసం 20 నిమిషాలు ఉంచి, తర్వాత సర్వే ఆఫ్ ఇండియా బేస్ స్టేషన్ల (ఒకేచోట స్థిరంగా ఉండే జీపీఎస్ కేంద్రాల) డేటాతో సరిచేయాలి. ఈ పనికి రోజులు పడతాయి. టెండరులో కోత పడేది సరిగ్గా ఈ రోజులకే.

చెట్టు ఏ జాతిదో కూడా పైనుంచి సులువుగా తెలియదు. ఒకే ఎత్తు, ఒకే చుట్టుకొలత ఉన్న ఏపి చెట్టుకూ బూరుగు చెట్టుకూ కలప బరువులో రెండింతలకు పైగా తేడా. బెరడు చూసి పేరు చెప్పగలిగేవాళ్లు చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) ఉన్నారు. వాళ్లను ప్రతి బృందంలో పెట్టి, కూలి రేటు కాకుండా నిపుణుల రేటు ఇవ్వండి.

పెంటల మీద ఎగిరే ముందు గ్రామసభలో చెప్పి తీరాలి. 2019లో యురేనియం అన్వేషణ భయంతో నల్లమల ఎంత కలవరపడిందో మీకు తెలుసు. ఏ విమానం వచ్చినా ఆ భయం మళ్లీ లేస్తుంది. పైగా అటవీ హక్కుల చట్టం నిబంధనలకు 2012లో చేసిన సవరణ, ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడే తప్ప వాటి బదులు కాదని స్పష్టంగా చెప్పింది. లైడార్ పటం చూపించి ఎవరి పోడు హక్కునూ కొట్టేయకూడదని ఉత్తర్వులోనే రాయించండి.

చివరిగా, రంగు పటాలు, పీడీఎఫ్ నివేదిక తీసుకుని బిల్లు చెల్లించవద్దు. బిందువుల ముడి డేటా, విమానం నడిచిన దారి రికార్డు, ప్లాట్ల కొలతల పుస్తకాలు మూడూ శాఖ చేతికి అందాలి. పదింట ఒక ప్లాటును, ఏజెన్సీకి సంబంధం లేని బృందంతో మళ్లీ కొలిపించి, రెండు కొలతలూ కలిశాకే ఆఖరి వాయిదా విడుదల చేయండి.

ఇట్లు,
అటవీ కొలతలు, వైమానిక సర్వే పనులు తెలిసినవాళ్లం