అద్దెకిచ్చే ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారం. "మొదటి ఫ్లాట్ కొన్నాం, అద్దెకివ్వాలి, ఏం చూసుకోవాలి?" అని ఈ వారంలోనే ముగ్గురు అడిగారు. విడివిడిగా రాసే ఓపిక లేక ఇక్కడే పెడుతున్నా.

గడువు ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకుని చాలామంది అగ్రిమెంటు 11 నెలలకే రాసుకుంటారు. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణ వల్ల గడువు ఎంతైనా రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే.

నేను దెబ్బతిన్నది కరెంటు బిల్లు దగ్గర. మొదట అద్దెకున్నాయన ఖాళీ చేస్తుంటే మొహమాటపడి అడ్వాన్సు మొత్తం అక్కడికక్కడే ఇచ్చేశా. వారం తర్వాత వెళ్తే ఇంట్లో లైటు వెలగదు, మీటరు దగ్గర ఫ్యూజు పీకేసి ఉంది. మూడు నెలల బాకీ! సర్వీసు నా పేరు మీద కాబట్టి కట్టింది నేనే. అప్పట్నుంచీ తాళం చేతికిచ్చే రోజే మీటరు రీడింగు ఫోటో తీసి, గీజరు, ఫ్యాన్లు, కుళాయిలు వాళ్ళ ఎదుటే వీడియో తీసి వాట్సాప్‌లో పంపేస్తున్నా. ఆఖరి బిల్లు కట్టిన రసీదు చూశాకే అడ్వాన్సు. మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీండి.

ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి: వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తిపన్ను తీసేయగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది. పెయింట్ బిల్లులేవీ చూపించక్కర్లేదు. ఓనరు ఎన్నారై అయితే మాత్రం అద్దెకున్నవాళ్ళే టీడీఎస్ (అద్దె ఇచ్చేముందే కోసే పన్ను) పట్టుకుని కట్టాలి. నెల అద్దె 50 వేల లోపే కదా, టీడీఎస్ అక్కర్లేదు అన్న లెక్క అక్కడ పనిచేయదు.

ఇంకా కొనడానికి ప్లాట్లు (స్థలాలు) చూస్తున్నవాళ్ళు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూసుకోండి. ఉత్త జీపీఏతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఆస్తి మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

నా అగ్రిమెంటు నమూనా కావాలన్నవాళ్ళు చెప్పండి, రాత్రికి పెడతా.