ఆదివారం కథల గంట: ఈసారి ఆఫ్రికా పల్లెలు

అందరికీ నమస్కారమండీ 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు క్లబ్‌హౌస్‌లో పిల్లల కథల గంట. రెండు బొమ్మల పుస్తకాలు చదువుదాం.

మొదటిది 'హాండాస్ సర్‌ప్రైజ్' (1994). కెన్యాలో లువో అనే తెగ పిల్ల హాండా, ఏడు రకాల పళ్లున్న బుట్ట తలమీద పెట్టుకుని పక్క ఊళ్లో ఉన్న స్నేహితురాలు అకేయో దగ్గరికి వెళ్తుంది. దారిలో కోతి అరటిపండు, ఉష్ట్రపక్షి జామకాయ, ఏనుగు మామిడిపండు... ఇలా ఒక్కొక్కటీ మాయం! ఈ దొంగతనాల గురించి రాతలో ఒక్క ముక్క ఉండదు, బొమ్మల్లోనే కనిపిస్తాయి. దొంగను పిల్లలే పట్టుకోవాలి. పెద్దవాళ్లు ముందే చెప్పేయకండి, ప్లీజ్ (పోయినసారి నేనే నోరు జారాను).

రెండోది 'బేబీ గోస్ టు మార్కెట్' (2017). ఇది పల్లె కాదు, నైజీరియా సంత. అయినా వదల్లేకపోయాను. అమ్మ వీపున కట్టుకున్న బుజ్జిగాడికి ఆరు అరటిపళ్లు ఇస్తే ఒకటి తిని ఐదు బుట్టలో వేస్తాడు. అమ్మకి తెలీదు! చిన్నపిల్లలకి తీసివేతలు కూడా వచ్చేస్తాయి.

మీరు చేయాల్సింది:
👉 ఎంతమంది పిల్లలొస్తారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి.
👉 ఒక్కొక్కరూ ఏదో ఒక పండు, కూర్చోడానికి చాప తెండి. బుట్ట నేను తెస్తాను.
👉 ఇంట్లో ప్రపంచ పటం ఉన్నవాళ్లు పట్టుకురండి. ఆఫ్రికా ఒక దేశం కాదనీ, కెన్యా తూర్పున, నైజీరియా పడమరన ఉన్నాయనీ చూపిద్దాం.

పోయిన నెల తీసుకెళ్లిన పుస్తకాలు ఇంకా నాలుగు రావాలి. ఎవరివో వాళ్లకి తెలుసు 😄 ఆదివారం తెచ్చేయండి.