చేపలు స్కూల్ బ్యాగులు మోస్తాయా?

సంపాదకుడు గారికి,

బరువైన బ్యాగులు మోయడం, వంకరగా కూర్చోవడం వల్లే పిల్లలకు వెన్నెముక పక్కకు వంగుతోందని గత వారం మీ ఆరోగ్యం పేజీలో రాశారు. అది చదివి మా అమ్మాయి "అంటే నేను సరిగ్గా కూర్చోకపోవడం వల్లేగా?" అని అడిగింది. దానికి పదమూడేళ్లు. ముందుకు వంగితే కుడివైపు పక్కటెముకలు ఎత్తుగా కనిపిస్తాయి. వంపు ముదరకుండా ఒంటికి బిగించే గట్టి తొడుగు, అదే బ్రేస్, నిద్రలో కూడా తీయదు. ఒరుసుకోకుండా లోపల మెత్తటి బనియన్ వేసుకుంటుంది. ఇంత ఓర్చుకుంటూ, తప్పు తనదేనన్న బెంగ కూడానా?

ఎదిగే వయసులో నూటికి 2–3 మందికి ఈ వంపు, అంటే స్కోలియోసిస్, వస్తుంది. చాలామందిలో కారణం ఇదీ అని తేలలేదు. బ్యాగు బరువుకు నడుం నొప్పి పుట్టొచ్చు గానీ, ఈ వంపు దానివల్ల వస్తుందనడానికి ఆధారం లేదు.

జంతువుల మీద పరిశోధన చెప్పేది వేరు. మెదడు, వెన్నుపాము లోపలి ద్రవాన్ని కదిలించే అతి సన్నని రోమాల్లాంటివి సరిగా ఆడకపోతే, జీబ్రా చేపల్లో ఎదిగే దశలో వెన్ను మెలితిరుగుతుందని 2016లో చూపించారు. వంపు మొదలయ్యాక ఆ కదలికను తిరిగి రప్పిస్తే అది ముదరడం ఆగింది. చేపకు బ్యాగూ లేదు, బెంచీ లేదు.

అలాగని రేపు 'వెన్ను వంపు గుట్టు రట్టు' అని హెడ్డింగ్ పెట్టకండి. తలలోని పీనియల్ గ్రంథి తీసేస్తే కోడిపిల్లల వెన్ను వంగుతుందని 1959లోనే గమనించారు. ఆ గ్రంథి తయారుచేసే మెలటోనిన్ అనే హార్మోన్ లోపమే కారణమేమోనని ఏళ్ల తరబడి దాని వెంట పడ్డారు. ఎలుకల ముందుకాళ్లు తీసేసి, రెండు కాళ్ల మీద నిలబెట్టి మరీ చూశారు (చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది). చివరికి కోతుల్లో ఆ గ్రంథి తీసేస్తే వెన్ను వంగనే లేదు. అందుకే ఇలాంటి వార్త రాసేటప్పుడు అది ఏ జంతువులో తేలిందో మొదటి వాక్యంలోనే చెప్పండి.

బ్రేస్ సంగతి మాత్రం పిల్లల్లోనే పరీక్షించారు. 2013లో వచ్చిన ఫలితాల్లో, బ్రేస్ వాడినవాళ్లలో 72 శాతం మందికి ఎదుగుదల పూర్తయ్యేసరికి వంపు 50 డిగ్రీలకు చేరలేదు. వాడనివాళ్లలో అలా గట్టెక్కింది 48 శాతమే. రాయాల్సింది ఇది.

బ్యాగుల మాటకు సవరణ వేయండి. ఏ మూలన వేసినా ఫర్వాలేదు, మా అమ్మాయి ఆ పేజీ అక్షరం వదలకుండా చదువుతుంది.

— ఒక తల్లి