ఫైనల్ ఫాంటసీ అడ్వాన్సుల గురించి మన షాపు కస్టమర్లకి

అందరికీ నమస్తే. ఈ మధ్య కౌంటర్ దగ్గర ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే, అన్నా ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ మూడో పార్ట్‌కి అడ్వాన్స్ తీసుకుంటున్నావా అని. తెలియనివాళ్ళకి, ఫైనల్ ఫాంటసీ అంటే జపాన్ వీడియో గేమ్ సిరీస్, అందులో పాత 7వ గేమ్‌నే మళ్ళీ కొత్తగా మూడు పార్ట్‌లుగా తీస్తున్నారు, మొదటి పార్ట్ పేరే రీమేక్. ఇప్పుడైతే అడ్వాన్స్ తీసుకోవట్లేదు. ఎందుకు అన్నది ఒక్కొక్కరికి సగం సగం చెప్పి పంపించేస్తున్నా, అది నాకే బాగా అనిపించక మొత్తం ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

రెండో పార్ట్ రీబర్త్ 2024 ఫిబ్రవరి 29న వచ్చింది గుర్తుందా. సంక్రాంతి అప్పటి నుంచే మన వాట్సాప్ గ్రూపులో అదే గోల, కొత్త వీడియో ఏదైనా వచ్చిందంటే రాత్రి ఒంటిగంట దాకా మెసేజ్‌లు. "అన్నా నాకొకటి పక్కన పెట్టు" అన్నవాళ్ళ పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోతే 34 అయ్యాయి. నేను 40 తెప్పించా. డబ్బు కట్టింది మాత్రం 9 మంది. మొదటి వారం 14 వెళ్ళాయి, మార్చి నెలాఖరుకి 19. మిగిలినవి 21 బాక్సులు, ఒక్కోటి దగ్గర దగ్గర ఐదు వేల సరుకు, డీలర్ వెనక్కి తీసుకోడు, కొత్త డిస్క్ మీద మాకు మిగిలేది రెండు మూడు వందలే. అంటే లక్ష రూపాయలు అద్దాల అల్మారాలో ఇరుక్కుపోయాయి. ఆ నెల మన రిపేర్ టేబుల్ దగ్గర కూర్చునే తమ్ముడికి జీతం పది రోజులు లేటుగా ఇచ్చా. ఆ అబ్బాయి ఒక్క మాట అనలేదు కానీ నాకు మాత్రం చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఇది మీ మీద కంప్లయింట్ కాదు. పేరు రాయించినప్పుడు అందరూ నిజంగా కావాలనే రాయించారు. తర్వాత రానివాళ్ళని ఒక్కొక్కరినీ అడిగా. సగం మంది చెప్పింది, అన్నా రీమేక్ ఇంకా పూర్తి చేయలేదు, అది అయ్యాక కొంటా అని. అది 2020 ఏప్రిల్‌లో వచ్చిన గేమ్, ప్లేస్టేషన్ 4 (పీఎస్4) కన్సోల్‌లో మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళే ఎక్కువ, పైగా రీబర్త్ పీఎస్5కి మాత్రమే వచ్చింది, కన్సోల్ మార్చనివాళ్ళు ఎలా కొంటారు చెప్పండి. ఇంకొంతమంది పీసీకి వస్తది ఆగుదాం అనుకున్నారు, వాళ్ళు అనుకున్నట్టే 2025 జనవరి 23న వచ్చింది. ఇవన్నీ నేను ముందే అడిగి ఉండాల్సింది. నేను అడిగింది ఒకటే, కావాలా వద్దా అని.

ఆ తర్వాత చూస్తే జపాన్‌లో ఆ గేమ్ తీసిన స్క్వేర్ ఎనిక్స్ వాళ్ళకి కూడా అదే లెక్క తప్పింది. ఫైనల్ ఫాంటసీ 15, 2016 నవంబర్‌లో వచ్చినప్పుడు మొదటి రోజే షాపులకి పంపినవి, డిజిటల్‌వి కలిపి 50 లక్షలు దాటాయి, అది పీఎస్4తో పాటు ఎక్స్‌బాక్స్ వన్‌కి కూడా వచ్చింది. 16 వచ్చేసరికి, 2023 జూన్ 22, ఒక్క పీఎస్5కే, వారంలోపు 30 లక్షలు. రీబర్త్‌కి అలాంటి మొదటి వారం లెక్క ఏదీ కంపెనీ ప్రకటించలేదు. 16, రీబర్త్ రెండూ అనుకున్నంత లాభం తేలేదని కంపెనీ ప్రెసిడెంట్ తకాషి కిర్యూనే ఒప్పుకున్నారు, 2024 మేలో ఇచ్చిన మూడేళ్ళ ప్లాన్‌లో ఇకమీద పెద్ద గేమ్‌లు అన్ని మెషిన్లకీ ఇస్తామని పెట్టారు.

దీన్ని పట్టుకుని "ఫైనల్ ఫాంటసీ పని అయిపోయింది" అంటున్నారు చూడండి, ఆ మాట నేను ఒప్పుకోను. వారంలో 30 లక్షలంటే అమ్ముడుపోనట్టు కాదు కదా, ఖర్చు పెట్టేటప్పుడు వాళ్ళు ఇంకా ఎక్కువ అనుకుని పెట్టుకున్నారు, అంతే. రీబర్త్‌కి రివ్యూలు ఎంత బాగా వచ్చాయో అందరికీ తెలుసు, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో మ్యూజిక్ అవార్డ్ దానికే వచ్చింది. కొనుక్కెళ్ళిన 19 మందిలో ఒక్కరు కూడా నాకు బాగాలేదని చెప్పలేదు. గేమ్ బాగుండటం వేరు, ఎంతమంది ఆ రోజే డబ్బు తీసి కొంటారన్నది వేరు, ఈ రెండూ నేను కలిపేసుకున్నా.

ఇంకోటి కూడా నాకు అర్థమైంది. ఈ సిరీస్ మొదలైంది 1987లో. మన గ్రూపులో రాత్రుళ్ళు మెసేజ్‌లు పెట్టేది దాదాపు అందరూ ముప్పై దాటినవాళ్ళే, పీఎస్1లో మూడు సీడీల 7ని అన్నదమ్ములు వంతులేసుకుని ఆడినవాళ్ళు, నేనూ వాళ్ళలో ఒకడినే, అందుకే ఆ హడావిడి నాకు ఊరంతా ఉన్నట్టు కనిపించింది. ఇప్పుడు ఆఫీసు, పిల్లలు, వంద గంటల గేమ్‌కి టైమ్ ఎక్కడిది. ఇంటర్, బీటెక్ పిల్లలు షాపుకొచ్చి 16 నెంబర్ చూసి, అంకుల్ ముందు 15 ఆడాలా అని అడుగుతున్నారు. అక్కర్లేదమ్మా, ప్రతి నెంబర్ వేరే కథ అని చెప్తే అప్పుడు బాక్స్ చేతిలోకి తీసుకుంటారు. అదే పిల్లలు 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌పెడిషన్ 33 కోసం వచ్చారు, ఫ్రాన్స్‌లో చిన్న స్టూడియో తీసిన టర్న్-బేస్డ్ (వంతులవారీగా పోరాడే) గేమ్, మూడు రోజుల్లో ప్రపంచం మొత్తం మీద 10 లక్షలు పోయింది. మన గ్రూపులో దాని గురించి ఎవరూ మాట్లాడలేదని నేను 5 కాపీలే తెప్పించా, రెండు రోజుల్లో అయిపోయాయి, పన్నెండు మందిని ఉత్త చేతులతో పంపించా. వాళ్ళకి కూడా సారీ.

కాబట్టి ఇకనుంచి ఇలా చేద్దాం. రిలీజ్ డేట్ అధికారికంగా చెప్పేదాకా ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోను. డేట్ వచ్చాక వెయ్యి కట్టినవాళ్ళకి కాపీ గ్యారంటీ, రిలీజ్‌కి వారం ముందు దాకా వద్దనుకుంటే వెయ్యీ తిరిగిచ్చేస్తా. కట్టినవాళ్ళ లెక్క మీద ఇంకో ఐదో ఆరో మాత్రమే ఎక్స్‌ట్రా తెప్పిస్తా, అవి అయిపోతే రెండో లాట్‌కి పది రోజులు ఆగాలి, ఆ రోజు దయచేసి నన్ను తిట్టుకోవద్దు.

నింటెండో స్విచ్ 2 కన్సోల్‌కి రీమేక్ అడుగుతున్నవాళ్ళు ఒక విషయం తెలుసుకుని కొనండి. అందులో వచ్చేది గేమ్-కీ కార్డ్, అసలు గేమ్ ఆ కార్డ్‌లో ఉండదు, మొత్తం నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాలి, తర్వాత కూడా ఆడాలంటే కార్డ్ పెట్టాల్సిందే. ఇంట్లో మొబైల్ డేటా మాత్రమే ఉన్నవాళ్ళకి నేనైతే అమ్మను.

రీబర్త్ సీల్డ్ కాపీలు ఇంకా 6 ఉన్నాయి, 2,400కి ఇచ్చేస్తున్నా, నా కొన్న రేటు కంటే చాలా తక్కువ, ముందు మన గ్రూపులో వాళ్ళకే. మూడో పార్ట్‌కి పేరు రాయించాలనుకునేవాళ్ళు ఏ మెషిన్ ఉంది, రీమేక్ ఎక్కడిదాకా ఆడారు అన్నవి కూడా చెప్పండి. మిడ్గార్ (రీమేక్ కథ జరిగే నగరం) దాటనివాళ్ళకి నా దగ్గర సెకండ్ హ్యాండ్ రీమేక్ డిస్కులు నాలుగు ఉన్నాయి, తీసుకెళ్ళండి, పూర్తిచేసి తెచ్చిస్తే 200 పట్టుకుని మిగతా డబ్బు తిరిగిచ్చేస్తా.