బడి షెడ్డులో ఆ 'అడ్డ ముక్క' ఏం మోస్తుంది?

సంపాదకులకు,

అయ్యా,

మా మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనాల కోసం రేకుల షెడ్డు వేశారు. 20 మీటర్ల పొడవు, సన్నటి పైపు స్తంభాలు, జల్లు కొట్టకుండా చుట్టూ దించిన రంగు రేకులు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మొన్న మనవడిని తీసుకురావడానికి వెళ్లి, షెడ్డు చివర ఒకటి చూసి ఆగిపోయాను. వెడల్పు వైపు రెండు స్తంభాల మధ్య ఇంటూ గుర్తులా ఐమూలగా ఉండాల్సిన ఇనుప యాంగిళ్లు రెండింటినీ గ్యాస్ కట్టర్‌తో కోసేశారు. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి దారి కావాలట. స్తంభానికి జానెడు మొండి ముక్క మిగిలింది. దానికి బడి గంట కట్టారు.

కోసిన వెల్డింగ్ అబ్బాయి ఊళ్లోవాడే. అడిగితే, "బరువు మోసేది స్తంభాలు కదా సార్, ఈ అడ్డ ముక్క ఏం మోస్తుంది?" అన్నాడు. తప్పు అతనిది అనను. ముప్పయ్యేళ్లు సివిల్ పనుల్లో ఉన్నాను, ఇదే మాట చదువుకున్నవాళ్ల నోటా విన్నాను. బరువంటే మనకు పైనుంచి కిందకు దిగేదే. పక్కనుంచి వచ్చేది లెక్కలోకి రాదు.

నులక విప్పేసిన పాత మంచాన్ని ఒక మూల పట్టుకుని నెట్టి చూడండి. పట్టెలూ కోళ్లూ గట్టివే అయినా చట్రం ఇట్టే వంకరపోతుంది. ఐమూలగా నులక అల్లి బిగించాక అదే మంచం మూలలు కదలవు. షెడ్డు పైకప్పూ అంతే. పొడుగు గోడ మీద కొట్టిన గాలిని ఆ గోడ తనంతట తాను ఆపలేదు. అందులో సగం తోపు నేలకు పోతే, సగం పైకప్పు అంచుకు చేరుతుంది. పైకప్పు పడుకోబెట్టిన దూలంలా పనిచేసి దాన్ని రెండు చివరలకు మోసుకుపోవాలి. అక్కడ గాలి వీచే దిక్కునే సాగిన గోడ గానీ, ఇంటూ ఇనుము గానీ దాన్ని అందుకుని పునాదిలోకి దించాలి. స్లాబు వేసిన గదుల్లో కప్పు చేయాల్సిన ఈ పని స్లాబే చేసిపెడుతుంది. దాన్నే ఇంజనీర్లు డయాఫ్రమ్ అంటారు, చివరి గోడను షియర్ వాల్ అంటారు. రేకుల కప్పుకు ఆ బిగువు ఉంటుందని నమ్మి కూర్చోలేం. అందుకే రేకుల కింద ఐమూల బ్రేసింగు (అంటే ఈ అడ్డ ఇనుములే), చివర్లలో నిలువు బ్రేసింగు పెడతారు. ఈ గొలుసులో ఏ ఒక్క లింకు తెగినా మిగతావి ఉండి లాభం లేదు.

లెక్క చూడండి. మన కోస్తాకు కోడ్ (కట్టడాల మీద గాలి లెక్కకు మన దేశ ప్రమాణం, ఐఎస్ 875) చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. నాలుగు మీటర్ల ఎత్తున్న ఈ షెడ్డు పొడుగు గోడ మీద 12 టన్నులు. సగం కప్పుకు, అందులో సగం ఒక్కో చివరకు: 3 టన్నులు. చుట్టుపక్కల ఇళ్లూ చెట్లూ అడ్డుంటే కొంత తగ్గవచ్చు. కానీ అదే కోడ్‌లో 2015లో సవరించిన మూడో భాగం, తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు ఉన్న బడులకు, ఆస్పత్రులకు, తుపాను షెల్టర్లకు గాలి వేగాన్ని 1.3 రెట్లు చేసి లెక్కించమంటుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ 3 టన్నులు 5 అవుతాయి. బడులకు ఈ ప్రత్యేకత ఎందుకో మనకు వేరే చెప్పాలా? తుపాను వస్తే జనాన్ని తరలించేది బడికే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు విమానాశ్రయం టెర్మినల్ పైకప్పే దెబ్బతింది. ఆ రోజు చూసినవాళ్లందరికీ గుర్తున్నది ఎగిరిన రేకులు. అందుకే ఇప్పుడు స్క్రూలు దగ్గర దగ్గరగా వేస్తున్నారు, రేకుల మీద ఇసుక బస్తాలు పెడుతున్నారు. స్క్రూలు మంచివే (బస్తాల సంగతి నన్నడక్కండి). కానీ అవి కప్పు పైకి లేవకుండా ఆపడానికి. షెడ్డు మొత్తం పక్కకు ఒరిగిపోకుండా ఆపేది ఇంకొకటి, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

పని కొలతలు రాసే ఎం-బుక్‌లో రేకులు చదరపు మీటర్లలో, ఇనుము కిలోల్లో ఎక్కుతాయి. బ్రేసింగు కూడా ఆ కిలోల్లోనే కలిసిపోతుంది. బిల్లు పాసయ్యాక అది ఉందో ఊడిందో చూసే పని ఏ రిజిస్టరులోనూ లేదు.

అధికారులను కోరేది పెద్ద ఖర్చు కాదు. అక్టోబరు రాకముందే ఒక జూనియర్ ఇంజనీరు మండలంలోని బడి షెడ్లన్నీ తిరిగి నాలుగు చోట్ల చూస్తే చాలు: రేకుల కింద ఐమూల ఇనుములు, చివరల ఇంటూలు, స్తంభం కింద ప్లేటు బోల్టులు, కప్పుకు స్తంభానికి మధ్య అతుకు. దారి తప్పనిసరైతే ఇంటూను పక్కనున్న రెండు స్తంభాల మధ్యకు మార్చుకోవచ్చు, వెల్డింగ్‌వాడికి ఒక పూట పని. హెడ్‌మాస్టరు గారికి ఈ మాట చెప్పాను, పై నుంచి కాగితం రావాలన్నారు. ఆ కాగితం కోసమే ఈ లేఖ. గంట కట్టుకోవడానికి కొక్కెం నేను కొనిస్తాను.

— ఒక రిటైర్డ్ సివిల్ ఇంజనీరు, విశాఖపట్నం జిల్లా