ఏడో అంతస్తులో ఉన్న చిన్నికి

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న షుగర్ అదుపులోనే ఉంది, పొద్దుటి నడక మానలేదు. పెద్దత్తయ్య మోకాలు మాత్రం అలాగే ఉంది, డాక్టరు మెట్లెక్కొద్దన్నా దాబా మీద వడియాలు పెడతానంటుంది. టమాటా రేటు మళ్ళీ పడిపోయింది, మన మదనపల్లె యార్డు సంగతి నీకు తెలిసిందేగా. నేను నిలవ పచ్చడి పెట్టి నీకు రెండు సీసాలు తీసి ఉంచాను. శేషు మామయ్య సోమవారం బెంగుళూరు వస్తున్నాడు, వాడి చేతికే పచ్చడీ ఈ ఉత్తరమూ ఇస్తున్నాను. వాట్సాప్‌లో రాస్తే చూసి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. పదకొండు రోజులుగా నాకు అదొక్కటే వస్తోంది. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానంటావు.

నిన్న రమణి పిన్ని వచ్చింది. బుజ్జి పెళ్ళి ముహూర్తాల గురించి చెప్తూ చెప్తూ, "అన్నట్టు చిన్ని వాళ్ళ ఆఫీసులో పొగలు వచ్చి అందర్నీ కిందికి దించేశారటగా" అంది. నాకు తెలుసన్నట్టే తల ఊపాను. తను వెళ్ళాక వంటింట్లో స్టూలు మీద కూర్చుంటే ఎదురుగా పాలు పొంగిపోతున్నా లేవబుద్ధి కాలేదు. సరే, దాని సంగతి తరవాత రాస్తాను.

నీ మెడ నొప్పి తగ్గిందా? లాప్‌టాప్ మీదికి వంగి కూర్చుంటే తగ్గదు తల్లీ. దాని కింద నాలుగు పుస్తకాలు పెట్టుకుని స్క్రీన్ పై అంచు కళ్ళ ఎత్తుకు వచ్చేలా చూసుకో, వేరే కీబోర్డు అడిగి తీసుకో, పాదాలు నేలకు ఆనాలి. అడగడానికి మొహమాటపడకు. కుర్చీ విరిగితే కొత్తది కొంటారు, నీ మెడకు ఇంకోటి దొరకదు.

పొగ యూపీఎస్ గదిలోంచి వచ్చిందని బుజ్జి చెప్పాడట. నాన్న కరెంటాఫీసులో చేసిన మనిషి కదా, ఆ మాట వినగానే పేపరు పక్కన పెట్టేశారు. పోయిన నెల వీడియో కాల్‌లో నీ టేబుల్ చూపించావు, గుర్తుందా? కింద ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాంట్లోంచి ఇంకో బాక్సు, దానికి మీ టీమ్ వాళ్ళ కెటిల్. నాన్న అప్పుడే అన్నారు, నువ్వు నవ్వేశావు. 1500 వాట్ల కెటిల్ మన 230 వోల్టుల మీద ఆరున్నర ఆంప్స్ లాగుతుందట, సన్న పిన్నుల సాకెట్ 6 ఆంప్స్‌కే చేసిందట. లావు పిన్నుకు కన్వర్టర్ తగిలించి అందులో దూర్చితే వైరు లోపల్లోపలే వేడెక్కుతుంది. ప్లగ్గు పట్టుకుంటే వెచ్చగా తగిలినా, సాకెట్ చుట్టూ గోధుమ రంగు మచ్చ కనిపించినా, కాలిన ప్లాస్టిక్ వాసన ఒక్కసారి వచ్చి పోయినా వెంటనే చెప్పాలట. ఆ కెటిల్‌ని పాంట్రీకి పంపించెయ్ చిన్నీ, అక్కడ దానికి తగ్గ సాకెట్ ఉంటుంది. నీ ఒక్కదానిది కాదని తెలుసు. అయినా నువ్వే తియ్యి.

ఎందుకింత చెప్తున్నానంటే, వెంకటమ్మ సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మా ఆఫీసుకు మొదటిసారి కంప్యూటర్ వచ్చినప్పుడు దానికి సాకెట్ ఎదుటి గోడకు ఉంది, కంప్యూటరేమో నా టేబుల్ మీద. నడిచే దారికి అడ్డంగా వైరు లాగి, పైన ఒక పట్టా ముక్క పరిచారు. రెండు రోజుల్లో ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేస్తాడన్నారు. ఎనిమిది నెలలు అలాగే ఉంది. అందరికీ తెలుసు. కొత్తగా ఎవరైనా వస్తే "చూసుకుని దాటండి" అని మేమే చెప్పేవాళ్ళం, అదేదో గడప అన్నట్టు. పట్టా అంచు లేచి చుట్టుకుపోయింది, నేను రోజుకు పదిసార్లు దాన్ని కాలితో నొక్కి సీటుకు వెళ్ళేదాన్ని. సూపరింటెండెంటు గారికి ఒక కాగితం రాసి పెడదామని చాలాసార్లు అనుకున్నాను. ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అనిపించేది, ఆ లోపల ఏదో ఫైలు వచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం వెంకటమ్మ పళ్ళెంలో ఏడెనిమిది టీ గ్లాసులు పెట్టుకుని వస్తోంది. రెండు చేతులూ పళ్ళేనికే, కింద ఏముందో కనపడదు. నేను తలెత్తి చూసేసరికి పడిపోతోంది. స్టీలు గ్లాసులు దొర్లుకుంటూ బీరువా కిందికి పోయాయి, ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చెయ్యి కింద పెట్టి ఆపుకోబోయింది, మణికట్టు విరిగింది. చేతికున్న ఆకుపచ్చ గాజులు పగిలి గుచ్చుకున్నాయి, మిగిలిన రెండింటినీ తీద్దామంటే చూస్తుండగానే చెయ్యి వాచిపోయి రాలేదు. అంత నొప్పిలోనూ "ఫైళ్ళ మీద టీ పడిందామ్మా" అంటుంది! కట్టు కట్టించాం, ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది, తరవాత ఎప్పుడూ నిండు బిందె ఎత్తలేకపోయింది. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి పట్టా లేపితే కింద వైరు తొక్కుడుకు నలిగి, పైన తొడుగు పోయి, లోపలి రాగి తీగ కనిపిస్తోంది. నా టేబుల్ పక్కనే, చిన్నీ. నేను రాయని ఆ ఒక్క కాగితం ఆవిడ చెయ్యి తీసుకుంది. అది నేను మర్చిపోలేను.

అందుకే, కనిపించినప్పుడే చెప్పు. తుడిచిన నేల తడిగా ఉంటే పక్కవాళ్ళను ఆపు. పై అరలో ఉన్నది అందుకోవడానికి చక్రాల కుర్చీ ఎక్కకు. ఫైళ్ళ బీరువాలో పై సొరుగులు రెండు ఒకేసారి లాగితే అది మీదికి ఒరుగుతుంది. నోటితో చెప్పి వదలకు, మెయిల్ పెట్టు, వారం తరవాత మళ్ళీ గుర్తుచెయ్యి.

నీకు గుర్తుండదు, చిన్నదానివి. 2010 ఫిబ్రవరి 23న మీ బెంగుళూరులోనే, పాత ఎయిర్‌పోర్టు రోడ్డులో కార్ల్‌టన్ టవర్స్ అనే ఆఫీసుల భవనంలో మంటలొచ్చాయి. శేషు మామయ్య అప్పుడు దొమ్మలూరులో ఉండేవాడు, వాడి ఫోను కలిసేదాకా నేను దేవుడి గది గడప దగ్గరే ఉన్నాను. తొమ్మిది మంది పోయారు. మంట కన్నా పొగ ఎక్కువ. కరెంటు వైర్లు పైకి వెళ్ళే గొట్టంలోంచి ఆ పొగ పై అంతస్తులకు పాకింది, బయటపడే దారులకు తాళాలున్నాయి, కొందరు అద్దాలు పగలగొట్టి దూకారు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి, మరికొందరు బాధితులు కలిసి బియాండ్ కార్ల్‌టన్ అని సంస్థ పెట్టి ఇలాంటిది మళ్ళీ జరగకూడదని పనిచేస్తున్నారు. ఆ భవనంలో పనిచేసినవాళ్ళు కూడా నీలాగే ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళే.

ఇప్పుడు అసలు సంగతి అడుగుతున్నాను. బుజ్జి వాళ్ళమ్మతో ఇంకో మాట కూడా చెప్పాడట. నువ్వు అందరితో కిందికి దిగి, లాప్‌టాప్ మర్చిపోయానని మళ్ళీ ఏడో అంతస్తుకు ఎక్కావట. నిజమేనా? రాత్రంతా అదే ఆలోచన. పొగ కొంచెమేనంటావు, తెలుసు. మెట్ల మీద పొగ కమ్ముకోవడానికి ఎంతోసేపు పట్టదు, రెండు గుక్కలు లోపలికి పోతే కాళ్ళు ఆడవు. పైగా కింద లెక్కపెట్టేవాళ్ళు నువ్వు వచ్చేశావనే అనుకుంటారు, నిన్ను వెతకడానికి ఎవరూ రారు. లాప్‌టాప్ కంపెనీది. కాకపోయినా సరే, నీ సర్టిఫికెట్లున్నా సరే, నా గొలుసున్నా సరే, ఒకసారి దిగాక మళ్ళీ ఎక్కొద్దు. ఎవరి కోసమైనా వెతకాలంటే ఫైర్ వాళ్ళకు చెప్పు, 101 గానీ 112 గానీ.

పోయినేడు డ్రిల్ అని చెప్పగానే ముందే కాఫీకి జారుకున్నామని నవ్వుతూ చెప్పావు. ఈసారి జారుకోకు. అలారం మోగితే లిఫ్ట్ వద్దు, కరెంటు పోతే మధ్యలో ఇరుక్కుపోతారు. పొగ ఉంటే వంగి నడు, కింద గాలి కాస్త శుభ్రంగా ఉంటుంది, చున్నీ తడిపి ముక్కుకు పెట్టుకో. మంటలార్పే ఎర్ర సిలిండర్ నువ్వు పట్టాల్సిన పనిలేదు గానీ, చెత్తబుట్టంత మంటైతే పిన్ను లాగి మంట మొదట్లోకి కొట్టాలని తెలిసి ఉండాలి, అదీ నీ వెనక తలుపు ఉంటేనే. కరెంటు మంట మీద నీళ్ళు పొయ్యకు.

ఒక్క పని చేసిపెట్టు. సోమవారం భోజనం తరవాత లిఫ్ట్ వదిలేసి అత్యవసర మెట్ల మీదుగా కింది దాకా దిగు. మలుపుల్లో అట్టపెట్టెలు, పాత కుర్చీలు పేర్చారేమో చూడు. చివరి తలుపు నీ చేత్తో తోసి చూడు, అవతల గొలుసు లేకుండా తెరుచుకోవాలి. చీకట్లోనైనా తెలిసేలా నీ సీటు నుంచి ఆ మెట్ల దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టు.

పచ్చడిలో తడి చెంచా పెట్టకు, బూజు పడుతుంది. పోయినసారివి ఖాళీ సీసాలు మామయ్యకిచ్చి పంపు. వాడు మంగళవారం సాయంత్రం బస్సెక్కుతాడు. ఆ తలుపు తెరుచుకుందో లేదో, ఎన్ని అడుగులో ఒక చీటీ మీద రాసి సీసాలో వేసి మూత పెట్టు.

అమ్మ